వాకిట్లో బండలు పరిచే ముందు నీళ్ళ దారి చూడండి

ఇంటి ముందు బండలు వేయించుకుందామని నాకు ఫోన్ చేసేవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏ రాయి బాగుంటుందండీ?" నేను తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను. "పోయిన వానాకాలంలో గట్టి వాన పడినప్పుడు మీ వాకిట్లో నీళ్ళు ఎక్కడ నిలబడ్డాయి?" దానికి జవాబు తెలిసేదాకా నేను టేపు బయటకు తీయను.

మాది తాండూరు. మా నాయిన బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు. మా ఇంటి గోడలు నాపరాయి, నేల నాపరాయి, పెరట్లో బట్టలుతికే బండ కూడా నాపరాయే. సివిల్ డిప్లొమా చేసి హైదరాబాద్ వచ్చాను. పదహారేళ్ళుగా అల్వాల్, సైనిక్‌పురి, నాగోల్, మియాపూర్ వైపు ఇళ్ళ చుట్టూ ఉండే ఖాళీ జాగాల పనులే చేయిస్తున్నాను. ఎక్కువగా రెండొందల గజాల ఇళ్ళు: ముందు కారు పట్టేంత జాగా, పక్కన మనిషి నడిచేంత సందు, వెనక బట్టలారేసుకునే చోటు. ఈ రాసేదంతా ఆ ఇళ్ళవాళ్ళ కోసమే.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మీ ఇంటి చుట్టూ 600 చదరపు అడుగుల ఖాళీ ఉందనుకుందాం. ఒక్క అంగుళం వాన పడితే అక్కడ చేరే నీళ్ళు సుమారు 1,400 లీటర్లు. మేడ మీద నుంచి పైపుల్లో దిగేవి ఇందులో కలపలేదు. మట్టి నేలైతే అందులో కొంత తాగేస్తుంది. మొత్తం సిమెంటు కప్పేస్తే అంతా గేటు దాటి రోడ్డెక్కుతుంది, లేదా పల్లంలో ఉన్న పక్కింట్లోకి పోతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తున్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అదే ఇంట్లో మేలో బోరు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంటారు. రాయి పరిచే తీరును బట్టి ఈ రెండు బాధలూ కొంత తగ్గుతాయి, లేదా పెరుగుతాయి. అందుకే రాయి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

వాకిలిని చదవడం

ఒక పెద్ద కాగితం మీద ఇల్లు గీయండి. అందులో ఇవన్నీ గుర్తుపెట్టండి: సంపు మూత, బోరు కేసింగ్, డ్రైనేజీ చాంబర్లు, మేడ మీద నుంచి దిగే వాన పైపులు, ఇంకుడు గుంత, చెట్లు, తులసి కోట, గేటు దగ్గర రోడ్డు మట్టం. ఇందులో అందరూ మరచిపోయేది సంపు మూత. సంపులో ఉండేది తాగే నీళ్ళు. బండలు పరిచాక మూత అంచు వాకిలి మట్టానికి సమానంగా వచ్చిందంటే మొదటి జడివానకే వాకిట్లో నీళ్ళు, కుక్క పెంట, కారు నుంచి కారిన ఆయిల్ అన్నీ సంపులోకి దిగుతాయి. సంపు చుట్టూ కనీసం మూడంగుళాల గట్టు కట్టించి, ఆ తర్వాతే బండలు పరిపించండి. చూడ్డానికి ఎత్తుగా ఉంటుందని కొందరు వద్దంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

బండల పైమట్టం ఇంటి లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి. పాత బండల మీదే కొత్త బండలు వేయించేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఒకసారి రెండంగుళాలు, ఇంకోసారి రెండంగుళాలు పెరిగి, చివరికి గోడల అడుగున చెమ్మ పట్టి పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది. పాతవి తీయించాల్సిందే. తీసిన షాబాద్ బండల్లో బాగున్నవాటిని పారేయకండి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు బండలు వేయకూడని చోట్లు గీయండి. నా పనుల్లో వాకిలి మొత్తంలో కనీసం మూడో వంతు మట్టిగానో, గడ్డిగానో, కంకరగానో వదులుతాను. చెట్టు మొదలు చుట్టూ మూడు నుంచి నాలుగడుగులు పూర్తిగా ఖాళీ. ఈ పాఠం నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. అల్వాల్లో మేము కొనుక్కున్న ఇంట్లో పాత మామిడి చెట్టు ఉంది. ఆకులు ఊడ్చడం తేలికవుతుందని మొదలు అంటుకునేదాకా బండలు పరిచి, సందుల్లో సిమెంటు నింపించాను. మొదటి ఏడాది ఏమీ తెలియలేదు. రెండో ఎండాకాలానికి పై కొమ్మలు పలచబడ్డాయి. మూడో ఏడు పూతే రాలేదు. వేళ్ళకు నీళ్ళే కాదు, గాలి కూడా కావాలి. బండలు నాలుగడుగుల మేర పెకలించి, మట్టి గుల్ల చేసి, ఎండాకులు కప్పాను. చెట్టు బతికింది. కానీ గోడ వైపు పెద్ద కొమ్మ ఎండిపోయింది, కోయించక తప్పలేదు. ఆ కోత మచ్చ ఇప్పటికీ రోజూ కళ్ళబడుతుంది.

గేటు బయట ర్యాంపు కూడా ఇప్పుడే ఆలోచించండి. అది రోడ్డు మీదకో, కాలువ మీదకో సాగకూడదు. వాలు సరిపోకపోతే గేటు లోపలే సర్దుకోవాలి.

రాయి ఎంపిక

హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టలన్నీ గ్రానైటే, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. కానీ మన పాత ఇళ్ళలో కాళ్ళకు తగిలేది ఎక్కువగా నాపరాయి, అంటే సున్నపురాయి జాతి. కర్ణాటకలో కలబురగి జిల్లా షాబాద్ నుంచి వచ్చేది షాబాద్ బండ. దానికి చుట్టమే మా తాండూరు రాయి, బూడిద నీలంలోనూ లేత పసుపులోనూ దొరుకుతుంది. నంద్యాల జిల్లా బేతంచెర్ల రాయి, నల్లటి కడప బండ, రాజస్థాన్ నుంచి లారీల్లో వచ్చే కోటా రాయి, ఇవన్నీ ఆ జాతివే. రెండో జాతి గ్రానైట్. మూడోది శాండ్‌స్టోన్, ఇసుకరాయి.

షాపులో పేరు ఏది చెప్పినా, రాయి జాతి మీరే తేల్చుకోవచ్చు. బ్యాగులో ఒక నిమ్మకాయ పెట్టుకెళ్ళండి. బండ మూల తుడిచి, మేకుతో కొద్దిగా గీకి, ఆ గీత మీద రసం పిండి, వంగి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేస్తే అది సున్నపురాయి. గ్రానైట్ మీద రసం ఊరికే తడిగా ఉంటుంది. నేను మొదటిసారి ఒక ఆంటీకి ఇది చూపించినప్పుడు ఆవిడ చెవి బండకు ఆనించి, సన్నగా చప్పుడు కూడా వినబడుతోందన్నారు. బుడగలు వచ్చాయని ఆ రాయి మంచిది కాదని కాదు. దాన్ని జీవితాంతం పులుపుకి, యాసిడ్‌కి దూరంగా ఉంచాలని అర్థం. ఇత్తడి పూజ సామాను చింతపండుతో బండ మీదే తోముకునే అలవాటు మనకుంది. ఆ చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది. తోముకునే చోట గ్రానైట్ ముక్క వేయించుకుంటే ఆ గొడవే ఉండదు. ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టే చోట కూడా అంతే.

ఏది ఎక్కడ అంటే నా మాట ఇది. కారు నిలిపే చోటికి, గేటు వాలుకి గ్రానైట్, అది కూడా ఫ్లేమ్డ్ ఫినిష్. మంటతో పైపొర పొట్టు లేపి గరుకు చేస్తారు, తడిసినా కాలు జారదు. నడిచే దారులకు, కూర్చునే అరుగు ముందుకు తాండూరు లేదా షాబాద్ బండ, పాలిష్ లేకుండా, గని నుంచి వచ్చిన సహజమైన పైభాగంతో. కడప నలుపు ఫోటోల్లో చాలా బాగుంటుంది. మేలో మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూడండి, ఆ తర్వాత మీరే వద్దంటారు. పైగా ఎండకు ఆ నలుపు ఏడాదిలో బూడిద రంగుకి దిగుతుంది. ఇసుకరాయి నీళ్ళు పీలుస్తుంది కాబట్టి ఎండ పడని పక్క సందులో పాకుడు పడుతుంది. అక్కడ వద్దు.

మిర్రర్ పాలిష్ బండ బయట ఎక్కడా వేయించకండి. మెరుపు కోసం అడిగేవాళ్ళకు నేను ఒక కప్పు నీళ్ళు పోసి, చెప్పులతో నడవమంటాను. ఇంట్లో అరవై దాటిన వాళ్ళుంటే ఇక ఆ మాటే ఎత్తను.

కొనేటప్పుడు చూడాల్సినవి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు పాతిక కిలోలు తూగుతుంది. 600 చదరపు అడుగులంటే అలాంటివి 150, అంటే మూడున్నర టన్నులు దాటుతుంది. కాబట్టి రేటు అడిగేటప్పుడే లోడింగ్, హమాలీ, కటింగ్ అందులో ఉన్నాయో లేదో తేల్చుకోండి. కటింగ్ వేస్టేజ్‌కి నూటికి పది ఎక్కువ తీసుకోండి, వంకర టింకర డిజైన్ అయితే పదిహేను. ఒకే లాట్ నుంచి ఒకేసారి తీసుకోండి. నెల తర్వాత వెళ్తే అదే రంగు దొరకదు. నాపరాయి పొరలుగా పుట్టిన రాయి. చేత్తో చీల్చిన బండల్లో ఒక మూల ముప్పావు అంగుళం, ఇంకో మూల అంగుళంన్నర ఉండటం మామూలే. కాబట్టి నాలుగు అంచులూ చూసి, మందం దగ్గర దగ్గరగా ఉన్నవి ఒక వరసగా పెట్టించుకోండి.

ఇక చప్పుడు. బండను నిలబెట్టి వేలి కణుపుతో తట్టాలి. నాయిన నాకు ఏడెనిమిదేళ్ళప్పుడే ఇది నేర్పాడు. "బండ మాట్లాడతది బిడ్డా, జర చెవి పెట్టు. ఖంగుమంటే లోపల మంచిగున్నట్టు. డొల్లగ మోగిందంటే పొర ఇడిసినట్టు." పొర విడిచిన బండ పరిచిన రోజు బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక పైన అట్టలు అట్టలుగా ఊడుతుంది.

కింద ఏముందో అదే అసలు పని

బండ పగిలిందని నన్ను పిలిచిన చోట్ల, రాయి తప్పు అయినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ కింద నేల దిగినవే. ఇల్లు కట్టినప్పుడు పునాది పక్కన పోసిన మట్టి, డ్రైనేజీ పైపు మీద పూడ్చిన మట్టి, వీటిని ఎవరూ సరిగా కుదించరు. పని మొదలుపెట్టే ముందు అక్కడ రెండు మూడు రోజులు నీళ్ళు పెట్టండి. దిగాల్సినంత దిగనివ్వండి. తర్వాత మొరం పోసి, ఆరు అంగుళాల పొరలుగా దిమ్మిసతోనో ప్లేట్ కంపాక్టర్‌తోనో కుదించాలి. మీది నల్లరేగడి నేలైతే ఇంకా జాగ్రత్త. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పై అడుగు, అడుగున్నర మట్టి తీసేసి మొరంతో నింపించండి. ఖర్చే, కానీ మళ్ళీ మళ్ళీ పరిచే ఖర్చు కన్నా తక్కువ.

ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది అందరూ చేసేది: కుదించిన మొరం మీద మూడు నాలుగంగుళాల కాంక్రీటు, 1:4:8 పాళ్ళలో, అంటే సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది. దాని మీద అంగుళంన్నర మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద), పైన బండ. ఇది గట్టి పద్ధతి, నీళ్ళు ఇంకవు. వీల్‌చైర్ తిరగాల్సిన చోట, ఇంటి గుమ్మం ముందు, గోడ పక్క సందులో ఇదే మంచిది. గోడ పునాది పక్కన నీళ్ళు ఇంకకుండా ఉండటమే మనకు కావాలి.

రెండోది నాకిష్టమైనది: నీళ్ళు ఇంకే పద్ధతి. అడుగున ఆరంగుళాలు 40, 20 ఎంఎం కంకర, దాని మీద అంగుళంన్నర నుంచి రెండంగుళాలు బేబీ చిప్స్ (సన్న కంకర), పైన రెండున్నర మూడంగుళాల మందం గ్రానైట్ దిమ్మలు. సందుల్లో కూడా సన్న చిప్సే. మొత్తం పది పదకొండు అంగుళాల లోతు తవ్వాలి. సిమెంటు ఎక్కడా ఉండదు, అంచుల్లో తప్ప. ఆ అంచు కాంక్రీటు కట్టు మాత్రం తప్పనిసరి. అది లేకపోతే కారు చక్రం తిరిగిన ప్రతిసారీ దిమ్మలు పక్కకు జరుగుతాయి. ఒక మాట గట్టిగా చెప్పాలి: కంకరలో డస్ట్ కలవకూడదు. ట్రాక్టర్ వచ్చినప్పుడు పిడికెడు తీసి బకెట్ నీళ్ళలో వేసి కలపండి. నీళ్ళు పాలలా మారితే వెనక్కి పంపండి, లేదా కడిగించండి. ఆ దుమ్మే కంకర సందులు మూసేస్తుంది, ఇంక నీళ్ళు దిగవు. అడుగు నేలను కూడా ఇంకుడు గుంత వైపు కొంచెం వాలుగా చెక్కిస్తే, జడివానలో ఇంకగా మిగిలిన నీళ్ళు కంకర లోపలి నుంచే గుంతలోకి చేరతాయి.

ఇందాక పాత షాబాద్ బండలు దాచమన్నాను కదా. వాటిని వెనక పెరట్లో ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో రెండంగుళాల సందు వదిలి మట్టిలోనే పరచండి. కింద రెండంగుళాల ఇసుక చాలు. సందుల్లో గడ్డి పెడితే నెల రోజుల్లో అల్లుకుంటుంది. మనుషులు నడిచే చోటికే ఇది, బండి ఎక్కకూడదు.

వాలు

ఈ పని నేను ఎవరికీ వదలను. మేస్త్రి ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, మొదటి మట్టాలు నా ముందే కట్టాలి.

పదడుగులకు రెండంగుళాల వాలు. గరుకు రాయికి ఇది కావాలి, నున్నటి రాయికి అంగుళంన్నర సరిపోతుంది. అంతకంటే తగ్గిస్తే నీళ్ళు నిలుస్తాయి, బాగా పెంచితే కుర్చీ వేస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. ఎప్పుడూ ఇంటి గోడ నుంచి బయటకే.

రసమట్టం (లోపల బుడగ కదిలే స్పిరిట్ లెవెల్) రెండడుగుల బండకు పనికొస్తుంది, ముప్పై అడుగుల వాకిలికి పనికిరాదు. దానికి పాత పద్ధతే: పారదర్శకమైన నీళ్ళ గొట్టం. గొట్టం నిండా నీళ్ళు పట్టి, లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా మొత్తం వెలుగుకి పెట్టి చూసుకోవాలి. బుడగ ఉంటే మట్టం అబద్ధం చెప్తుంది. గుమ్మం దగ్గర ఒకరు, గేటు దగ్గర ఒకరు గొట్టం కొసలు పట్టుకుని నిలబడాలి. నీళ్ళు రెండు వైపులా కాసేపు పైకీ కిందికీ ఊగి, నెమ్మదిగా ఆగుతాయి. ఆగేదాకా ఎవరూ కదలకూడదు. గోడ మీద పెన్సిల్ గీత, గేటు స్తంభం మీద పెన్సిల్ గీత. ఇప్పుడు గేటు గీత నుంచి కిందికి, దూరాన్ని బట్టి వాలు కొలవాలి. పదిహేనడుగులైతే మూడంగుళాలు. అక్కడ మేకు కొట్టి దారం లాగితే, బండలు నడవాల్సిన దారి ఆ దారమే.

మాతో ఏళ్ళుగా పనిచేసే పాలమూరు మేస్త్రి దారం లాగాక దాన్ని వేలితో ఒకసారి మీటుతాడు. వీణ తీగలా మోగాలి. వదులుగా ఉంటే మధ్యలో కుంగుతుంది, సరిగ్గా ఆ మధ్యలోనే వాకిట్లో నీటి మడుగు వస్తుంది.

పరచడం

ఇది మాలుతో వేసే గట్టి పద్ధతికి. మాలు 1:5 పాళ్ళలో, అంటే ఒక పాలు సిమెంటుకి ఐదు పాళ్ళు ఇసుక, మరీ జారుగా కాకుండా. బండ అడుగున దుమ్ము కడిగి, తడిపి, సిమెంటు పాలు రాసి అప్పుడు పెట్టాలి. చాలా చోట్ల బండకు నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అద్దేస్తారు. పని తొందరగా అవుతుంది. కానీ ముద్దల మధ్య ఖాళీలో నీళ్ళు చేరతాయి, చీమలు గూడు పెడతాయి, పై నుంచి గ్యాస్ సిలిండర్ దింపితే బండ రెండుగా చీలుతుంది. మాలు మొత్తం పరిచి, బండ అడుగు అంగుళం అంగుళం ఆనాలి. మీరు మేస్త్రిని నొప్పించకుండా చూసుకునే పద్ధతి ఉంది. మొదటి మూడు బండలు వేశాక, "ఒకటి లేపి చూద్దామా అన్నా?" అని అడగండి. అడుగు పూర్తిగా మాలు అంటుకుని ఉంటే బాగా వేస్తున్నట్టు. ఆ తర్వాత రోజంతా పని అలాగే సాగుతుంది.

బండ పెట్టాక రబ్బరు సుత్తితో మధ్య నుంచి అంచులకు తట్టుకుంటూ పోవాలి. ఎండిన మర్నాడు పొద్దున్నే ఒక రూపాయి బిళ్ళతో ప్రతి బండనూ ఐదు చోట్ల తట్టండి. డొల్లగా మోగినవాటి మీద సుద్దతో గీత పెట్టి తీయించండి. ఆ రోజైతే తీయడం తేలిక. వారం తర్వాత పగలగొట్టాల్సిందే.

బండకూ బండకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆనించి పరిస్తే మేలో ఎండకు వ్యాకోచించి అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. గోడ వెంబడి, ఇంకా ప్రతి పదిహేనడుగులకు ఒక చోట, సెంటీమీటరు సందు వదిలి అందులో సిమెంటు కాకుండా సాగే సీలెంట్ నింపాలి. మిగతా సందులు 1:3 మాలుతో నింపి, బండ మీద పడిన మాలు తడిగా ఉండగానే స్పాంజితో తుడిపించండి. ఆ తుడవడం ఎగ్గొట్టడం వల్లే తర్వాత యాసిడ్ సీసా బయటకు వస్తుంది.

కటింగ్ గురించి ఒక మాట, ఇది మీ ఇంటి అందం గురించి కాదు. రాయి పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. గ్రానైట్‌లో ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అది మళ్ళీ నయం కాదు. నాయినతో పాటు పనిచేసినవాళ్ళ దగ్గు నేను చిన్నప్పుడు రాత్రిళ్ళు వింటూ పడుకున్నాను. మీ ఇంట్లో కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడేలా ఒక పైపు మీరే ఇవ్వండి, మంచి మాస్కులు మీరే కొనిపెట్టండి. గుడ్డ కట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు.

ఎప్పుడు చేయించాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. వానల్లో మాలు కొట్టుకుపోతుంది, ఎండల్లో గట్టిపడకముందే ఎండిపోతుంది. మేలోనే చేయించక తప్పకపోతే సాయంత్రం పూట వేయించి, తడి గోనెలు కప్పండి. ఏడు రోజులు తడి ఉండాలి. మనుషులు మూడు రోజుల తర్వాత నడవచ్చు. కారు మూడు వారాలు రోడ్డు మీదే ఉండాలి.

పరిచిన తర్వాత

పని మొదలుపెట్టిన రెండో ఏడు, గృహప్రవేశానికి రెండు రోజుల ముందు ఒక ఇంట్లో నేను గేటు బయట లెక్కలు చూసుకుంటున్నాను. లోపల ఒక కుర్రాడు సిమెంటు మరకలు పోవాలని బాత్రూం యాసిడ్ తాండూరు బండల మీద పోసేశాడు. వెళ్ళేసరికి వాకిలంతా సోడా కొట్టినట్టు నురగ. కడిగాక చూస్తే నీలం రంగు పోయి, తెల్లటి గరుకు మచ్చలు మిగిలాయి. వాడికి చెప్పనిది నేనే, తప్పు నాదే. మిషన్ తెప్పించి పైపొర మొత్తం రుద్దించాను, నా డబ్బుతో. అప్పటి నుంచి నా సైట్లలో యాసిడ్ సీసా గేటు లోపలికి రానివ్వను. సిమెంటు మరకలను గట్టి బ్రష్షు, నీళ్ళు, ఓపికతో తీయొచ్చు.

మొదటి నెలల్లో బండల మీద తెల్లటి పొడి తేలితే కంగారు పడకండి. సిమెంటులోని లవణాలు తడితో పాటు పైకి వచ్చి ఆరినవే. పొడి చీపురుతో ఊడ్చేయండి, కొన్నాళ్ళకు తగ్గిపోతుంది. సీలర్ (మరకలు దిగకుండా రాయికి పట్టించే ద్రవం) కొట్టించాలనుకుంటే ఈ పొడి ఆగాకే, రాయి లోపలికి ఇంకే రకం. పైన ప్లాస్టిక్ పొరలా మెరిసే పూత వద్దు. లోపలి చెమ్మకు దారి లేక పొర తెల్లబడి ఊడుతుంది, తడిస్తే జారుతుంది కూడా. పసుపు, కుంకుమ, నూనె పడే చోట్లకు, ముఖ్యంగా తులసి కోట ముందు, సీలర్ బాగా పనిచేస్తుంది. పడిన వెంటనే తుడిచే అలవాటు ఇంకా బాగా పనిచేస్తుంది. ఇనుప కుండీ స్టాండ్ల కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయండి. తుప్పు మరక సున్నపురాయిలోకి దిగితే తీయడం చాలా కష్టం.

ముగ్గుకి మాత్రం గరుకు తాండూరు రాయికి సాటి లేదు. నీలం బండ తడిపితే నల్లబడుతుంది, దాని మీద పిండి గీత వెన్నెల్లా కనబడుతుంది. గేటు ముందు నాలుగడుగుల చదరం మట్టిగా వదిలేసి కళ్ళాపి చల్లుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. సంక్రాంతికి ఆ చోటు చూడాలి.

ఇంకే పద్ధతిలో వేసిన చోట ఏడాదికోసారి, జూన్‌కి ముందు, సందుల్లో పేరుకున్న మట్టి పైపైన గీకించి కొత్త చిప్స్ నింపండి. ఇంకుడు గుంత పై కంకర కూడా అప్పుడే తీసి కడిగించండి.

మేస్త్రికి చివరి డబ్బులు మొదటి పెద్ద వాన తర్వాత ఇస్తానని ముందే మాట్లాడుకోండి, పదో వంతు ఆపితే చాలు. ఆ వాన పడుతున్నప్పుడు గొడుగు, ఒక సుద్దముక్క తీసుకుని వాకిట్లోకి వెళ్ళండి. నీళ్ళు ఎటు పరుగెడుతున్నాయో చూడండి. సంపు గట్టు చుట్టూ ఒకసారి, గోడ వెంబడి ఒకసారి, గేటు దగ్గర ఒకసారి. వాన ఆగిన అరగంటకు ఇంకా నీళ్ళు నిలిచి ఉన్న బండలన్నిటి మీదా సుద్దతో సున్నా చుట్టండి. తడి బండ మీద సుద్ద సరిగా పడకపోతే గులకరాయి పెట్టండి. మర్నాడు మేస్త్రి వచ్చి లేపి సరిచేయాల్సిన బండలు అవే.